స్పోర్ట్ బైక్ వెనక షాక్‌కి సరైన స్ప్రింగ్ ఎలా ఎంచుకోవాలి: సాగ్ కొలత నుంచి బిగింపు దాకా

వెనక షాక్ స్ప్రింగ్ మార్చాలి, నా బరువు ఇంత, ఏ నంబర్ తీసుకోమంటారు అని అడిగితే ఎవరో ఒకరు ఏదో ఒక నంబర్ చెప్పేస్తారు. ఆ నంబర్ కరెక్టే అవ్వొచ్చు కూడా, కానీ ఇప్పుడు మీ బైక్‌లో ఉన్న స్ప్రింగ్ ఏంటో, మీరు కూర్చుంటే అది ఎంత దిగుతోందో (ఈ దిగుడునే సాగ్ అంటారు) తెలీకుండా చెప్పిన నంబర్ అది. ఒక టేపు, సాయానికి ఇద్దరు మనుషులు, కాస్త ఓపిక ఉంటే ఆ సంగతి బైకే చెప్తుంది. కింద రాసిందాంట్లో అసలు పని మూడు కొలతలే, మిగతాదంతా కొనేటప్పుడు డబ్బులు వేస్ట్ అవ్వకుండా, బిగించేటప్పుడు వేళ్ళు నలగకుండా చూసుకోడానికి.

ముందు ఇది తేల్చుకోండి: ప్రీలోడ్ తిప్పితే స్ప్రింగ్ గట్టిపడదు

స్ప్రింగ్ రేటు అంటే దాన్ని ఒక మిల్లీమీటర్ నొక్కడానికి ఎంత బలం కావాలి అని. 90 న్యూటన్/మి.మీ. స్ప్రింగ్ అంటే మొదటి మిల్లీమీటర్‌కి 90 న్యూటన్లు, ఇరవయ్యో మిల్లీమీటర్‌కి ఇంకో 90 న్యూటన్లు, అంతే. ప్రీలోడ్ అంటే పైనున్న కాలర్ తిప్పి స్ప్రింగ్‌ని ముందే కొంత నొక్కి ఉంచడం, ఆ కాలర్ బిగిస్తే ఈ 90 మారదు. మారేదల్లా బైక్ వెనక భాగం ఎంత ఎత్తులో నిలబడుతుందన్నది. బిగిస్తే పైకి లేస్తుంది, వదిలితే కిందికి దిగుతుంది. మరి బిగించాక గట్టిగా అనిపించింది కదా అంటారు, అనిపిస్తుంది, ఎందుకంటే ప్రీలోడ్ బాగా ఎక్కువైతే షాక్ దాదాపు పూర్తిగా సాగిపోయి నిలబడుతుంది, చిన్న గతుకుకి కదలదు, గుంత వస్తే టైరు కిందికి దిగి రోడ్డుని పట్టుకోడానికి జాగా మిగలదు. గట్టిదనం అని మనం అనుకునేది చాలాసార్లు ఇదే.

యూనిట్ల గొడవ కూడా ఇక్కడే తేల్చేద్దాం. స్ప్రింగ్ మీద న్యూటన్/మి.మీ. ఉండొచ్చు, కేజీ/మి.మీ. ఉండొచ్చు, పౌండ్/అంగుళం ఉండొచ్చు. 1 కేజీ/మి.మీ. అంటే 9.81 న్యూటన్/మి.మీ., అంటే సుమారు 56 పౌండ్/అంగుళం. 1 న్యూటన్/మి.మీ. అంటే సుమారు 5.7 పౌండ్/అంగుళం. కాబట్టి 9.5 అని రాసున్న స్ప్రింగ్, 95 అని రాసున్న స్ప్రింగ్ ఒకటి కాదు, మొదటిది 93 న్యూటన్ల దగ్గర ఉంటుంది. 550 పౌండ్లది 96 దగ్గర. తేడా చిన్నదే కానీ రెండు స్ప్రింగ్‌ల మధ్య తేడా సాధారణంగా 5 న్యూటన్లే ఉంటుంది కాబట్టి ఈ లెక్క తప్పితే సగం స్టెప్పు పోయినట్టే. ముందే అన్నీ ఒకే యూనిట్‌లోకి మార్చి రాసుకోండి.

స్టెప్ 1: కొలిచే ముందు బైక్‌ని సిద్ధం చేయడం

వెనక లింకేజ్ (షాక్‌ని స్వింగ్‌ఆర్మ్‌కి, అంటే వెనక చక్రాన్ని మోసే చేతికి, కలిపే మీట) బేరింగ్‌లు ఎండిపోయి బిగుసుకుని ఉంటే మీరు కొలిచేది స్ప్రింగ్‌ని కాదు, తుప్పుని. చాలా బైక్‌లలో ఆ బేరింగ్‌లకి ఫ్యాక్టరీ గ్రీజు తర్వాత ఇంకో గ్రీజు పడి ఉండదు. సీటు నొక్కి వదిలితే ఆగి ఆగి పైకొస్తోందా, కిర్రుమంటోందా, అయితే ముందు లింకేజ్ విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టండి, స్ప్రింగ్ సంగతి తర్వాత. చైన్ మరీ టైట్‌గా ఉన్నా స్వింగ్‌ఆర్మ్ ఫ్రీగా దిగదు, స్లాక్ సరిచేయండి. టైర్లలో గాలి ఎప్పుడూ పెట్టేంత, పెట్రోల్ సగం ట్యాంక్ అనుకుంటే ప్రతిసారీ సగం ట్యాంకే. డ్యాంపింగ్ (షాక్ కదలికని నెమ్మదింపజేసే ఆయిల్ అడ్డు) క్లిక్కర్లని కదపక్కర్లేదు, అవి సాగ్‌ని మార్చవు, బైక్ ఎంత నెమ్మదిగా ఆ ఎత్తుకి చేరుతుందన్నదే మారుస్తాయి.

మీరు కూడా సిద్ధం కావాలి. ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళైతే లెదర్ సూటు, హెల్మెట్, బూట్లు, గ్లవ్స్ అన్నీ వేసుకునే కూర్చోవాలి, అవన్నీ కలిపితే 8–10 కిలోలు ఈజీగా అవుతాయి. టీషర్టులో కొలిచి సూటులో నడిపితే లెక్క పోయినట్టే.

స్టెప్ 2: మూడు కొలతలు

వెనక యాక్సిల్ మధ్య నుంచి నిటారుగా పైకి చూస్తే తోక ప్యానెల్ మీద ఒక చోటు దొరుకుతుంది, అక్కడ చిన్న టేపు ముక్క అంటించి గీత పెట్టండి. ప్రతి కొలతా ఈ రెండు పాయింట్ల మధ్యే.

మొదటిది, వెనక చక్రం పూర్తిగా వేలాడుతున్నప్పుడు. సైడ్ స్టాండ్ మీద వాల్చి తోక పట్టుకుని ఒకరు ఎత్తితే చక్రం నేల వదిలేస్తుంది, అప్పుడు కొలవండి. స్వింగ్‌ఆర్మ్‌ని పట్టుకునే పాడాక్ స్టాండ్ మీద పెట్టి ఈ కొలత తీస్తే తప్పు, ఎందుకంటే బైక్ బరువు ఇంకా స్ప్రింగ్ మీదే ఉంటుంది.

రెండోది, బైక్ రెండు చక్రాల మీద నిటారుగా, మీద ఎవరూ లేకుండా.

మూడోది, మీరు ఎక్కి, రెండు కాళ్ళు ఫుట్‌పెగ్‌ల మీద పెట్టి, రైడింగ్ పొజిషన్‌లో వంగి కూర్చున్నప్పుడు. ఒకరు ముందునుంచి హ్యాండిల్ పట్టుకుని నిలబెట్టాలి, ఇంకొకరు కొలవాలి. ఒక కాలు నేల మీద ఆనించినా లెక్కలో కొన్ని మిల్లీమీటర్లు తేడా వస్తుంది.

రెండో కొలత, మూడో కొలత తీసేటప్పుడు షాక్‌లో రాపిడి వల్ల బైక్ ఒక్కో సారి ఒక్కో ఎత్తులో ఆగుతుంది. దానికి మందు సింపుల్, ఒకసారి సీటుని కిందికి నొక్కి మెల్లిగా వదిలి కొలవండి, ఇంకోసారి పైకి లాగి మెల్లిగా వదిలి కొలవండి, రెండిటి సగటు తీసుకోండి. ఈ రెండిటి మధ్య తేడా మరీ ఎక్కువగా ఉందా, మళ్ళీ స్టెప్ 1లోని లింకేజ్ దగ్గరికి వెళ్ళండి.

మొదటి కొలతలోంచి రెండోది తీసేస్తే వచ్చేది ఫ్రీ సాగ్. మొదటి దాంట్లోంచి మూడోది తీసేస్తే రైడర్ సాగ్.

స్టెప్ 3: ఆ నంబర్లు ఏం చెప్తున్నాయి

స్పోర్ట్ బైక్‌కి వెనక రైడర్ సాగ్ రోడ్డు మీదైతే 30–40 మి.మీ., ట్రాక్‌కైతే 25–35 మి.మీ. మధ్య పెడతారు. వెనక చక్రం ట్రావెల్ (పైకీ కిందికీ కదిలే మొత్తం దూరం) చాలా స్పోర్ట్ బైక్‌లకి 120–130 మి.మీ. దగ్గర ఉంటుంది, అందులో ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా అన్నమాట. ఫ్రీ సాగ్ 5–10 మి.మీ. ఉంటే బాగున్నట్టు, కొంచెం అటూ ఇటూ అయినా కంగారు పడొద్దు.

పద్ధతి ఇది. ముందు ప్రీలోడ్ తిప్పి రైడర్ సాగ్‌ని మీకు కావల్సిన చోటికి తెచ్చుకోండి, 35 అనుకుందాం. ఇప్పుడు దిగి ఫ్రీ సాగ్ చూడండి. అది 5–10 మధ్య ఉంటే మీ స్ప్రింగ్ మీకు సరిపోయింది, డబ్బులు జేబులో పెట్టుకోండి. ఫ్రీ సాగ్ సున్నా, లేదా ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటే స్ప్రింగ్ మీకు మెత్తన, దాన్ని ప్రీలోడ్‌తో బలవంతంగా పైకి నిలబెట్టారు. ఫ్రీ సాగ్ 15 దాటి 20 దగ్గర ఉంటే స్ప్రింగ్ మీకు గట్టిది, దానికి ప్రీలోడ్ దాదాపు లేకుండా వదిలేస్తే తప్ప మీ బరువుకి దిగట్లేదు.

ఇక్కడే చాలామంది తిరగేసి చదువుతారు. ఫ్రీ సాగ్ ఎక్కువుంది, అంటే బైక్ ఎక్కువ కుంగుతోంది, అంటే స్ప్రింగ్ మెత్తన అనుకుని ఇంకా గట్టిది కొంటారు. రైడర్ సాగ్ సరిగ్గా పెట్టిన తర్వాత అర్థం రివర్స్ అవుతుంది, ఇది రెండు సార్లు చదవండి. సన్నగా ఉన్న రైడర్లకి మెత్తని స్ప్రింగ్ కావాల్సిన కేసులు బోలెడు, కానీ మెత్తది కొనడమంటే ఏదో తగ్గినట్టు ఫీలయ్యి ఎవరూ కొనరు, వెనక టైరు గతుకు మీద ఎగిరెగిరి పడుతుంటే డ్యాంపింగ్‌ని తిట్టుకుంటారు.

స్టెప్ 4: కొత్త రేటు లెక్క

రైడర్ సాగ్‌కీ ఫ్రీ సాగ్‌కీ మధ్య తేడా ఉందే, అది పూర్తిగా మీ బరువు వల్ల దిగిన దిగుడు. ఫ్రీ సాగ్ సున్నా కానంత వరకు ప్రీలోడ్ ఎంతున్నా ఆ తేడా పెద్దగా మారదు. కాబట్టి లెక్క ఇలా: ఇప్పటి స్ప్రింగ్ రేటుని ఇప్పటి తేడాతో గుణించి, మీకు కావల్సిన తేడాతో భాగించండి.

ఒక ఉదాహరణ చూద్దాం. సూటుతో సహా 100 కిలోల రైడర్, స్ప్రింగ్ 90 న్యూటన్లది. చక్రం 2 మి.మీ. కదిలితే షాక్ 1 మి.మీ. కదిలే లింకేజ్. ప్రీలోడ్ తిప్పి రైడర్ సాగ్ 35కి తెస్తే ఫ్రీ సాగ్ 5 వచ్చింది, అంటే తేడా 30. 5 అంటే రేంజ్‌లో కింది అంచే, మీకు ఫ్రీ సాగ్ 9–10 కావాలనుకుందాం, అంటే తేడా 25 దగ్గర ఉండాలి. 90 × 30 ÷ 25 = 108. దొరికే స్ప్రింగ్‌లు 5 న్యూటన్ల స్టెప్పుల్లో ఉంటాయి కాబట్టి 105 తీసుకోవచ్చు, రోడ్డు మీదే ఎక్కువ తిరిగితే 100 కూడా తప్పేం కాదు. నేనైతే రెండిటి మధ్య ఊగిసలాడేటప్పుడు రోడ్డుకి మెత్తదాని వైపు, ట్రాక్‌కి గట్టిదాని వైపు మొగ్గుతాను.

అదే లెక్కని ఇంకో వైపు నుంచి చెక్ చేసుకోవచ్చు. రైడర్ బరువులో సుమారు మూడింట రెండొంతులు వెనక చక్రం మీద పడుతుంది, 100 కిలోలకి 68 కిలోలు అనుకుంటే దాదాపు 667 న్యూటన్లు. 2:1 లింకేజ్‌లో స్ప్రింగ్ రేటు చక్రం దగ్గర నాలుగో వంతే కనిపిస్తుంది, ఎందుకంటే రేషియో ఒకసారి బలంలో, ఇంకోసారి కదలికలో, రెండు సార్లు పనిచేస్తుంది. 90 స్ప్రింగ్ చక్రం దగ్గర 22.5, 667ని 22.5తో భాగిస్తే 30. 105 స్ప్రింగ్‌కి చక్రం దగ్గర 26.25, తేడా 25.4. అంటే రైడర్ సాగ్ 35 ఉంచితే ఫ్రీ సాగ్ 9–10 వస్తుంది. బైక్ స్ప్రంగ్ బరువులో (స్ప్రింగ్‌లు మోసే బరువులో) 75 కిలోలు వెనక పడుతోందనుకుంటే, అదే 35 సాగ్‌కి 90 స్ప్రింగ్‌కి సుమారు 14 మి.మీ. ప్రీలోడ్ కావాలి, 105కి 9 చాలు. గట్టి స్ప్రింగ్ వేసినా ప్రీలోడ్ ఎందుకు తగ్గించాల్సి వస్తుందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

మీ లింకేజ్ రేషియో ఎంతో తెలీకపోయినా పర్లేదు, కొలిచింది చక్రం దగ్గరే కాబట్టి అది లెక్కలో దానంతటదే కలిసిపోయింది. కేటీఎం ఆర్‌సీ 390 లాంటి లింకేజ్ లేని డైరెక్ట్ మోనోషాక్ బైక్‌కీ ఇదే పద్ధతి పనిచేస్తుంది. కాకపోతే చుట్ల మధ్య ఎడం ఒక చివర దగ్గరగా, ఇంకో చివర దూరంగా ఉండే ప్రోగ్రెసివ్ స్ప్రింగ్ ఉంటే లెక్క ఉజ్జాయింపే, ఎందుకంటే దానికి ఒకే రేటు ఉండదు. లింకేజ్ ఉన్న స్పోర్ట్ బైక్‌లో ప్రోగ్రెషన్ పని లింకేజే చేస్తుంది కాబట్టి లీనియర్ స్ప్రింగ్ తీసుకోండి, ఏం జరుగుతోందో అర్థం చేసుకోడానికి అదే తేలిక.

వెనక ఎవర్నైనా ఎక్కించుకు తిరిగేవాళ్ళు ఒంటరిగా ఉన్నప్పటి లెక్కే పెట్టుకుని, ఇద్దరున్నప్పుడు ప్రీలోడ్ పెంచుకోవడం మేలు, లేదంటే నెలలో నాలుగు రోజుల కోసం మిగతా రోజులన్నీ చెక్క మీద కూర్చున్నట్టుంటుంది.

ఇప్పుడున్న స్ప్రింగ్ రేటే తెలీకపోతే

కంపెనీ స్ప్రింగ్ మీద తరచూ రంగు చుక్కలే ఉంటాయి, నంబర్ ఉండదు. సర్వీస్ మాన్యువల్‌లో ఉందేమో చూడండి. లేకపోతే స్ప్రింగ్ టెస్టర్ ఉన్న సస్పెన్షన్ షాపులో నొక్కించి చూడటం బెస్ట్. ఫార్ములాతో కూడా కట్టొచ్చు: స్టీలుకి 79,000ని తీగ మందం నాలుగో ఘాతంతో గుణించి, సగటు వ్యాసం ఘనాన్ని 8తోనూ, పనిచేసే చుట్ల సంఖ్యతోనూ గుణించగా వచ్చినదానితో భాగించాలి, కొలతలన్నీ మిల్లీమీటర్లలో. సగటు వ్యాసం అంటే లోపలి వ్యాసం ప్లస్ తీగ మందం. పనిచేసే చుట్లు అంటే మొత్తం చుట్లలోంచి రెండు చివర్లకి కలిపి ఒకటిన్నర నుంచి రెండు తీసేయాలి.

కానీ ఈ ఫార్ములా మీద మరీ భరోసా పెట్టుకోకండి. మందం నాలుగో ఘాతంలో ఉంది కదా, 11 మి.మీ. తీగ కొలతలో 0.2 మి.మీ. తప్పు వస్తే జవాబులో 7 శాతం తప్పు వస్తుంది. పైన పెయింట్ మందమే అంత ఉండొచ్చు. పైగా చుట్లు ఎన్ని పనిచేస్తున్నాయన్నది కూడా అంచనాయే. 85నా 110నా తేల్చుకోడానికి పనికొస్తుంది, 95నా 100నా అంటే పనికిరాదు.

స్టెప్ 5: సైజు సరిపోతుందా

రేటు ఒక్కటే చూసి ఆర్డర్ పెట్టేస్తే ఇంటికొచ్చాక షాక్ మీద కూర్చోదు. చూడాల్సినవి నాలుగు.

లోపలి వ్యాసం. 57 మి.మీ., అంటే రెండుంపావు అంగుళాలది ఒక కామన్ సైజు, 63.5 మి.మీ., అంటే రెండున్నర అంగుళాలది ఇంకోటి. స్ప్రింగ్ కింద, పైన కూర్చునే సీట్లని కొలవండి. స్ప్రింగ్ లూజుగా ఉంటే నొక్కుడుకి పక్కకి జరిగి షాక్ బాడీని గీస్తుంది, కాబట్టి తేడా ఉంటే మధ్యలో నిలిపే అడాప్టర్ కాలర్ కావాలి. బిగుతుగా ఉంటే ఎక్కదు, దానికి అడాప్టర్ కూడా లేదు.

బయటి వ్యాసం. గట్టి స్ప్రింగ్‌కి తీగ మందంగా ఉండొచ్చు, అప్పుడు రిజర్వాయర్‌కి, స్వింగ్‌ఆర్మ్‌కి, హీట్ షీల్డ్‌కి తగులుతుందేమో చూసుకోవాలి.

పొడవు. షాక్ పూర్తిగా సాగి ఉన్నప్పుడు రెండు సీట్ల మధ్య జాగా, కాలర్ పైకీ కిందికీ ఎంత దూరం కదులుతుందో కొలుచుకోండి. మీకు 9–10 మి.మీ. ప్రీలోడ్ కావాలంటే, స్ప్రింగ్ ఫ్రీ లెంత్‌లోంచి (ఏమీ నొక్కనప్పటి పొడవులోంచి) 10 తీసేస్తే వచ్చే పొడవు ఆ కాలర్ రేంజ్‌లో మధ్యలో ఎక్కడో పడాలి. అంచులో పడితే రేపు సాగ్ మార్చుకోడానికి జాగా ఉండదు.

నాలుగోది అందరూ వదిలేసేది, చుట్లు ఒకదానికొకటి ఆనుకుపోవడం. స్ప్రింగ్ పూర్తిగా నలిగితే దాని పొడవు సుమారుగా తీగ మందం × మొత్తం చుట్లు. 160 మి.మీ. పొడవు, 11.5 మి.మీ. తీగ, 7 చుట్ల స్ప్రింగ్ నలిగితే 80.5 అవుతుంది, అంటే నలగడానికి 79.5 మి.మీ. ఉంది. షాక్ స్ట్రోక్ (షాక్ రాడ్ కదలగలిగే మొత్తం దూరం) 65, ప్రీలోడ్ 10, మొత్తం 75. సరిపోయింది, అది కూడా నాలుగున్నర మిల్లీమీటర్ల తేడాతో. అదే తీగతో 8 చుట్లు ఉంటే నలగడానికి 68 మాత్రమే, పెద్ద గుంతలో పడ్డప్పుడు బంప్ స్టాప్ (స్ట్రోక్ చివర దెబ్బని ఆపే రబ్బరు) పని పూర్తవ్వకముందే చుట్లు ఇనుప దిమ్మలా ఆగిపోతాయి, ఆ దెబ్బంతా లింకేజ్‌కి, ఫ్రేమ్‌కి వెళ్తుంది. అమ్మేవాళ్ళని ఈ స్ప్రింగ్ ఎంత స్ట్రోక్‌కి అని అడగండి, చెప్పలేకపోతే చుట్ల సంఖ్య, తీగ మందం అడిగి మీరే లెక్కేసుకోండి.

టైటానియం స్ప్రింగ్‌లు ఉన్నాయి, స్టీలు కంటే బాగా తేలిక, ఖరీదు మాత్రం అస్సలు తేలిక కాదు. రేటు సరిగ్గా ఉన్న స్టీలు స్ప్రింగ్ ముందు రేటు తప్పిన టైటానియం దండగ.

స్టెప్ 6: బిగించడం

షాక్ విప్పేటప్పుడు బైక్‌ని ఫ్రేమ్ నుంచో, ఫుట్‌పెగ్ మౌంట్ల నుంచో, స్వింగ్‌ఆర్మ్ పివట్ నుంచో నిలబెట్టాలి. మామూలు వెనక పాడాక్ స్టాండ్ స్వింగ్‌ఆర్మ్‌ని పట్టుకుంటుంది, షాక్ బోల్టు తీసిన క్షణం బైక్ కుప్పకూలుతుంది. రిజర్వాయర్‌లో ప్రెషర్ మీద నైట్రోజన్ ఉంటుంది, ఆ వాల్వ్ జోలికి పోవద్దు, స్ప్రింగ్ మార్చడానికి దాంతో పని లేదు.

షాక్ బయటికొచ్చాక ముందు క్లిక్కర్ పొజిషన్లు, కాలర్ ఎక్కడుందో రాసుకోండి. మర ఉన్న కాలర్ అయితే దాన్ని పూర్తిగా వదిలేస్తే చాలాసార్లు స్ప్రింగ్ లూజై కింది సీటు చేత్తోనే తీయొచ్చు. మెట్లు మెట్లుగా తిరిగే అడ్జస్టర్ ఉన్న కంపెనీ షాక్‌లకి కంప్రెసర్ కావాల్సిందే. 100 న్యూటన్ల స్ప్రింగ్‌ని 10 మి.మీ. నొక్కి ఉంచితే అది 1000 న్యూటన్లు, అంటే 100 కిలోల బరువంత, స్క్రూడ్రైవర్ దూర్చి లాగే ఆలోచన మానుకోండి. టూల్ లేకపోతే షాక్ పట్టుకెళ్ళి షాపులో ఇచ్చేయండి, వాళ్ళకది చిన్న పని.

పెట్టేటప్పుడు స్ప్రింగ్ సీట్లు, కాలర్ మర శుభ్రంగా తుడవండి, కాలర్‌కి కాస్త గ్రీజు. లింకేజ్ బోల్టులకి టార్క్ మీ మోడల్ సర్వీస్ మాన్యువల్లో ఉన్నంతే. షాక్ ఎలాగూ బయటే ఉంది కాబట్టి లింకేజ్ బేరింగ్‌లకి గ్రీజు పెట్టకుండా మూసేయకండి.

స్టెప్ 7: బిగించాక

మళ్ళీ మూడు కొలతలు. లెక్కలో వచ్చిన ప్రీలోడ్ నుంచి మొదలుపెట్టి రైడర్ సాగ్ కావల్సిన చోటికి తెచ్చి, ఫ్రీ సాగ్ చూసుకోండి. అది కూడా రేంజ్‌లో పడితే స్ప్రింగ్ సెలెక్షన్ అయిపోయినట్టే.

తర్వాత రీబౌండ్, అంటే షాక్ తిరిగి సాగేటప్పటి డ్యాంపింగ్. గట్టి స్ప్రింగ్ ఎక్కువ బలంతో వెనక్కి నెడుతుంది, దాన్ని ఆపడానికి రీబౌండ్ కొంచెం పెంచాలి. ఎంత అంటే, డ్యాంపింగ్ అవసరం స్ప్రింగ్ రేటు వర్గమూలంతో పెరుగుతుంది, 90 నుంచి 105 అంటే రేటు 17 శాతం పెరిగింది, డ్యాంపింగ్ 8 శాతం పెరిగితే చాలు. ఒకటి రెండు క్లిక్కులతో మొదలుపెట్టండి, ఒక్కసారిగా ఐదారు తిప్పేస్తే వరస గతుకుల మీద షాక్ పైకి రావడానికి టైమ్ దొరక్క కుంగిపోతూ పోతుంది. క్లిక్కర్ చివరి దాకా మూసినా ఎగురుతూనే ఉంటే అది షాక్ లోపల షిమ్‌లు (ఆయిల్ దారిని అదుపు చేసే పలచని రేకులు) మార్చే పని, స్ప్రింగ్‌తో తీరేది కాదు.

షాక్ రాడ్ మీద ఓ-రింగ్ లేకపోతే చిన్న జిప్ టై కట్టండి, మీరు మామూలుగా వెళ్ళే స్పీడులో మామూలు రూట్‌లో తిరిగొచ్చి అది ఎక్కడిదాకా జరిగిందో చూడండి. బంప్ స్టాప్‌కి కొంచెం ముందు ఆగితే స్ట్రోక్ బాగా వాడుతున్నట్టు. ఫుల్‌గా బంప్ స్టాప్‌ని నలిపేస్తుంటే సాగ్ సరిగ్గా ఉన్నా కంప్రెషన్ డ్యాంపింగ్ (షాక్ నలిగేటప్పటిది) పెంచి చూడాలి. సగం స్ట్రోక్ కూడా దాటకపోతే కంప్రెషన్ తగ్గించి చూసి, అప్పటికీ కదలకపోతే స్ప్రింగ్ గట్టిది పడిందేమో అనుమానించాలి. యాక్సిలరేటర్ ఇచ్చి మలుపులోంచి బయటికొచ్చేటప్పుడు వెనక కూర్చుండిపోయి బైక్ బయటికి బయటికి పోయే అలవాటు ఇదివరకు ఉండి ఉంటే, అది ఇప్పుడు తగ్గి ఉండాలి.

ఆఖరుగా ముందు ఫోర్క్. ఇదివరకు రైడర్ సాగ్ 45 ఉండి ఇప్పుడు 35 చేశారనుకోండి, వెనక చక్రం దగ్గర 10 మి.మీ. లేచింది. దాంతో రేక్ కోణం (ముందు స్టీరింగ్ వాలు) నిటారైంది, ట్రయిల్ (స్టీరింగ్ గీత నేలని తాకే చోటుకీ ముందు టైరు నేలని తాకే చోటుకీ మధ్య దూరం) తగ్గింది, బరువు కొంత ముందుకి జరిగింది, స్టీరింగ్ చురుగ్గా తిరుగుతుంది. బాగుంది అనిపిస్తే వదిలేయండి. హై స్పీడులో హ్యాండిల్ అదురుతున్నా, బ్రేక్ వేస్తే ముందు మరీ మునిగి వెనక తేలిపోతున్నా, ముందు సాగ్ కూడా ఇదే పద్ధతిలో కొలవండి, రోడ్డుకి 35–40 మి.మీ. దగ్గర ఉండాలి. అక్కడ కూడా నంబర్లు కుదరకపోతే మీ బరువుకి ఫోర్క్ స్ప్రింగ్‌లు కూడా మెత్తనే, అవి మార్చేదాకా వెనక రైడ్ హైట్ అడ్జస్టర్ ఉంటే రెండు మూడు మిల్లీమీటర్లు దించి నడపండి.